గాజులప్ప ఎడమచెయ్యి

పోయిన నెల విజయనగరంలో ఒక గాజుల కొట్టుకెళ్లాను. గోడలంతా అద్దాలు, పైన లైట్లు. సైజు అడిగితే చెప్పాను. కౌంటరు దగ్గరున్న అమ్మాయి రెండు డజన్ల మట్టిగాజులు తీసి, వాటితోపాటు ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టింది. "ఇది తొడుక్కుని దీని మీంచి ఎక్కించుకోండి మేడం, ఈజీగా జారిపోతాయి" అంది. జారిపోయాయి. నొప్పి లేదు, ఒక్క గాజూ చిట్లలేదు, ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు, ఎవరూ మా అత్తగారి సంగతి అడగలేదు. బయటికొచ్చి ఆటో ఎక్కాక నాకు ఏడుపొచ్చింది. ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి, ఏమనుకున్నాడో ఏమో, పాటలు కట్టేశాడు.

గాజులప్ప పోయి రెండేళ్లవుతోంది. ఆవిడకి వేరే పేరుంది. ఆసుపత్రి చీటీ మీద మొదటిసారి ఆ పేరు చూసి, ఎవరిదో అనుకున్నాను. ఇక్కడ రాయను. నరసన్నపేటలో మా వీధిలో ఆ పేరుతో ఆవిణ్ణి పిలిచినవాళ్లు లేరు. మా వైపు అప్ప అంటే అక్క. చిన్నపిల్లలకీ అప్పే, వాళ్ల అమ్మమ్మలకీ అప్పే.

పుట్టింది సముద్రం ఒడ్డున, చేపలమ్ముకునే ఇంట్లో. ఎడమకాలు బోదకాలు. పెళ్లికి ముందే, పడుచు వయసులో వచ్చింది. "ఈ కాలేసుకుని సేపల తట్ట మొయ్యలేనని గాజులు పట్టేను. గాజులు బరువుండవనుకున్నాను సూడు, అదీ నా తెలివి" అనేది. గాజుల మలారం ఎప్పుడైనా ఎత్తి చూశారా? తాళ్లకి గుచ్చిన గాజుల దండలు, భుజానికి ముందూ వెనకా వేలాడుతూ, నీళ్ల బిందెకంటే ఎక్కువే ఉంటాయి. ఆ బరువుతో, ఆ కాలుతో, వీధి వీధీ తిరిగేది.

మా అరుగు దగ్గరికి రాగానే మలారం దించి కూలబడేది. ముందు రెండు చేతులతో ఆ కాలిని ఎత్తి, చాపి, కుచ్చిళ్లు సర్ది కప్పేది. "దీన్ని కూసోబెడితేగాని నన్ను కూసోనివ్వదు" అని అప్పుడు మంచినీళ్లడిగేది. మంచినీళ్లు తాగాక ఎవరి ఇంట్లో ఏం కూరో వాసన పట్టి చెప్పేది. అది తప్పయితే ఒప్పుకునేది కాదు. "మీ వంటే తేడాగా ఉన్నాది" అని దెబ్బలాడేది.

గాజులు తొడిగేటప్పుడు ఆవిడ మన చేతివంక చూడదు. మొహంలోకి చూస్తుంది. ఎడమచేత్తో మన అరచెయ్యి గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, కణుపులు ఒకదానిమీదొకటి సర్దుకునేలా నొక్కుతుంది. కుడిచేత్తో గాజు తోస్తుంది. "ఎముకలు ఇంటికాడ ఒదిలీసి రాయే తల్లీ" అనేది, బిగుసుకుపోయే కొత్త పెళ్లికూతుళ్లతో. సరిగ్గా గాజు కణుపు దాటే చోట ఠక్కున ఒక ప్రశ్న వేసేది. నాతో ఎప్పుడూ ఒకటే. "మీ అత్త ఎలాగున్నాది?" మా అత్తగారి పేరెత్తితే నాకు మండుతుందని ఆవిడకి తెలుసు. నేను "ఆవిడకేం, దివ్యంగా ఉంది" అని మొదలెట్టేలోగా గాజు మణికట్టు మీద ఉండేది. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న. ఒకామెని ఆడపడుచు గురించి అడుగుతుంది, ఇంకొకామెని పక్కింటివాళ్ల గోడ గురించి. కోపమొస్తే చెయ్యి మెత్తబడుతుందని ఆవిడ సిద్ధాంతం. మా వీధిలో ఎవరికి ఎవరంటే పడదో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆవిడే, కానీ ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో చెప్పగా నేను వినలేదు.

పేర్లు గుర్తుండవు ఆవిడకి. చేతులు గుర్తుంటాయి. "ఆ రెండు నాలుగు గుంటకి పెళ్లయిపోనాదేటి?" అని అడిగేది. గుంటంటే మా వైపు ఆడపిల్ల, రెండు నాలుగంటే సన్నచెయ్యి. రెండు ఆరు కాస్త పెద్దది, రెండు ఎనిమిది బొద్దుగా ఉండేవాళ్లది. నేను చాలా ఏళ్లు రెండు ఆరుని. ఓసారి నేను వేళాకోళంగా, "మలారం ఎవరైనా ఎత్తుకుపోతే ఏం చేస్తావు అప్పా?" అన్నాను. ఆవిడ నవ్వలేదు. రెండు చేతులూ నా ముందు చాపి, "నా దుకాణం ఇదీ. అది గాజు, మళ్లీ కొనుక్కుంటాను" అంది.

రాష్ట్రం రెండైన ఏడాది వానాకాలంలో అనుకుంటాను, ఆవిడ చేతులకున్న ఆకుపచ్చ గాజుల్లో ఏదో తేడా కనిపించింది నాకు. కుడిచేతివి చిన్నవి, ఎడమచేతివి పెద్దవి.

"ఏంటప్పా, చేతికో సైజా?"

"బోద సేతికెక్కింది టీచరమ్మా. కాలికొచ్చినోడు సేతికి రాడేటి? సంకలో బిళ్ల కూడా కట్టింది" అంది, ఇంటికి చుట్టాలొచ్చారన్నంత మామూలుగా.

మీకు ఇది ఎలా ఉంటుందో తెలీదు గానీ, ఆ సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇది భయపడే మాట కాదు. వణుకుతూ జ్వరం వస్తుంది, గజ్జల్లో బిళ్ల కడుతుంది, కాలు వాస్తుంది, ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి మాత్రలిస్తారు, మింగుతారు. ఆవిడ చెల్లెలికీ ఉంది, మేనత్తకీ ఉంది, కట్టుకున్న మొగుడికీ ఉంది. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ పక్కపక్కన నడిచి వెళుతుంటే "ఒకే కొట్లో కొన్నారేటి కాళ్లు?" అని వీధిలో హాస్యాలాడేవాళ్లు, వాళ్లూ నవ్వేవాళ్లు. కాబట్టి చంకలో బిళ్ల కట్టి చెయ్యి కాస్త వాస్తే ఆవిడకి కొత్తగా అనిపించలేదు. ఉప్పునీళ్ల కాపడం పెట్టింది. పసుపు పట్టు వేసింది. బోదకాలు మాత్రలు దాచుకున్నవి మింగింది. కొత్త జబ్బయితే కంగారుపడి పరిగెత్తేది. తెలిసిన జబ్బు అనుకోవడమే ఆవిడ కొంప ముంచింది.

ఇంకోటి కూడా ఉంది, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంకే ఆడదానికైనా ఒక్క చేతి గాజులు బిగుతైతే గాజులప్ప దగ్గరికి వచ్చి పెద్దవి అడగాలి. ఆవిడ ఊరుకోదు, ఏమైందే అని చెయ్యి తిప్పి తిప్పి చూస్తుంది. ఈవిడకి అన్ని సైజులూ భుజం మీదే ఉన్నాయి. రెండు నాలుగు బిగుతైతే రెండు ఆరు, అదీ బిగుతైతే రెండు ఎనిమిది. అడిగేవాళ్లెవరు? అలా దాదాపు ఏడాది గడిపేసింది. వేళ్లు వాచి, నా చెయ్యి నొక్కలేక మధ్యలో వదిలేసిన రోజున నేను కేకలేసి, మర్నాడు బడికి సెలవు పెట్టి, విశాఖపట్నం బస్సెక్కించాను.

డాక్టరు చిన్నది, విజయనగరం వైపు పిల్ల. తొందరపడే మనిషి కాదు. చంకలో బిళ్లలు తడిమి, "జ్వరం వచ్చిందా అమ్మా?" అంది.

"లేదు."

"నొప్పి?"

"అస్సలు లేదమ్మా!" అంది గాజులప్ప, సంతోషంగా. ఆ జవాబు వినగానే డాక్టరు మొహం మారింది. నేను చూశాను, ఆవిడ చూడలేదు.

పరీక్షలన్నీ అయ్యాక మళ్లీ పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. "మీకు పొలముందా అమ్మా?" అని మొదలెట్టింది, కాలవలూ మడులూ పోల్చి చెబుదామని కాబోలు.

"పొలం లేదు, సంద్రమున్నాది" అంది గాజులప్ప.

డాక్టరు నవ్వి ఆ దారి వదిలేసింది. "సరే, మామూలుగా చెప్తాను. ఒంట్లో రక్తం కాక ఇంకో నీరు నడుస్తుంది. దానికి సన్నటి గొట్టాలుంటాయి. మధ్యమధ్యలో బిళ్లలుంటాయి, చంకల్లో, గజ్జల్లో, మెడలో. చెడ్డదేదన్నా ఆ నీళ్లలో వస్తే బిళ్లలు ఆపుతాయి. బోద పురుగు ఆ గొట్టాల్లో కాపురం పెట్టి వాటిని పాడుచేస్తుంది. నీరు నడవక కాలు వాస్తుంది. మీ కాలికి జరిగింది అది. చేతికి జరిగింది వేరు. మీ రొమ్ములో చిన్న గడ్డ ఉంది, తడిమితే దొరకనంత లోపల. అది కేన్సరు. దాంట్లోంచి కొన్ని కణాలు ఈ నీళ్లలో పడి చంకలోకొచ్చాయి. ఆపాల్సిన బిళ్లల్లోనే తిష్ఠ వేసి పెరిగాయి. అవి అడ్డం కాబట్టి చెయ్యి వాచింది. ఇప్పుడు ఊరుకుంటే తర్వాత మెడ బిళ్లలు. అక్కణ్ణించి రక్తంలోకి. రక్తంలో పడితే ఇంక ఎక్కడికైనా పోతుంది."

గాజులప్ప తన చేతివంక చూసుకుంది. "అయితే దారొకటే. వొచ్చినోడే వేరు" అంది.

"అంతే" అంది డాక్టరు.

రొమ్ము తీసెయ్యాలంటే ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చంకలో బిళ్లలు కూడా తీసెయ్యాలి అన్నప్పుడు మాత్రం, "తీసీసేక సెయ్యి తగ్గిపోతాది కదమ్మా?" అంది. డాక్టరు అబద్ధం చెప్పలేదు. తగ్గకపోవచ్చు, బిళ్లలు పోతే నీరు నడిచే దారి ఇంకా తగ్గుతుంది, వాపు పెరగొచ్చు, బతికినన్నాళ్లూ ఉండొచ్చు అంది. అయినా చెయ్యాలి, ఆలస్యం చెయ్యకూడదు అంది.

బయట బస్టాపులో ఆవిడ నా మీద విరుచుకుపడింది, నేనే ఆ వాపు తెచ్చిపెట్టినట్టు. "కాలు లావైతే సీర కప్పుతాది. సెయ్యి లావైతే ఏటి కప్పుతాది? సెప్పు, నువ్వు సదువుకున్నావు కదా! ఏ ఆడది తన సెయ్యి నా సేతిలో పెడతాది?"

"పెట్టకపోతే పోయారు. బతకాలా వద్దా?"

"నాను బతికేది దాంతోనే" అంది. తిండి సంగతి కాదు ఆవిడ చెప్పేది. మొగుడి సంపాదనతో ఇద్దరికీ గడుస్తుంది. ఆవిడకి కావలసింది రోజూ నాలుగు చేతులు తన చేతిలోకి రావడం.

కొన్నాళ్లు నాకు కనిపించకుండా తిరిగింది. మా వీధి తప్పించి పక్కవీధిలోంచి పోయేది. నేను ఎదురుపడితే తిడతానని. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అరుగుమీద కూర్చుని ఉంది, కాలు చాపుకుని. మలారం విప్పలేదు. "ఇది నీకాడ ఉంచు. బేగి పోదాం, ఆపరేసన్ సేయించుకుంటాను" అంది. ఏం మనసు మారిందని అడిగాను. తలొంచుకుంది. "పేణం మీద ఆశ పుట్టింది టీచరమ్మా. సెప్పడానికి సిగ్గేస్తన్నాది" అంది. సిగ్గెందుకని నాకు అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత్తర్వాత ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఎవరినీ ఏమీ అడగని మనిషి, అడగక అడగక తన ప్రాణం తాను అడిగి సిగ్గుపడింది.

ఆపరేషనైంది, మందులెక్కించారు, కరెంటు పెట్టారు. జుట్టంతా పోయింది. నెత్తిన తువ్వాలు చుట్టుకుని మళ్లీ వీధిలోకొచ్చింది. చెయ్యి తగ్గలేదు. భుజం నుంచి వేళ్లదాకా బరువెక్కి వేలాడుతోంది. ఆ చేతికి గాజులు వెయ్యకూడదు, చిన్న గాజుపెంకు గీసుకున్నా చీము పడుతుందని డాక్టరు గట్టిగా చెప్పింది. మొగుడుండగా ఒక చెయ్యి బోడిగా ఉన్న ఆడదాన్ని మా వీధి ఎలా చూస్తుందో నేను చెప్పక్కర్లేదు. కేన్సరు అంటుకోదని నేను బడిలో పాఠం చెప్పినట్టు ఇంటింటికీ చెప్పాను. ఔను ఔను అన్నారు. గాజులు మానేశారా అంటే మానలేదు, పాపమని ఇదివరకటికంటే ఎక్కువే కొన్నారు. "అక్కడ పెట్టీ అప్పా, మేమే ఏసుకుంటాం" అనేవారు.

నా చెయ్యి నేనిచ్చాను. కుడిచేత్తోనే నొక్కి, ఆ చేత్తోనే తోసి, ఎలాగో రెండు గాజులు ఎక్కించింది. నుదుటిమీద చెమట పట్టింది. "సాల్లే, మిగతావి నువ్వేసుకో" అంది. మా అత్తగారి గురించి అడగలేదు.

ఆ చలికాలంలో మా చెల్లెలి కూతురి సీమంతం పాతపట్నంలో, వాళ్ల అత్తవారింట్లో. గాజులు తొడగడానికి గాజులప్పని నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. మొండితనమే అనుకోండి. ఆవిడ వద్దంటూనే మంచి చీర కట్టుకుంది. ఎర్రవీ పచ్చవీ ఏరి, ఒక్కొక్కటీ వేలితో మీటి, పగులు లేనివి చూసి తెచ్చింది. పిల్ల పీటమీద కూర్చుంది. గాజులప్ప ఎదురుగా కూర్చుని కాలు సర్దుకుంటుంటే, వియ్యపురాలు నెమ్మదిగా వచ్చి వంగి, "ఏటనుకోకు అప్పా. కడుపుతో ఉన్న పిల్ల. గాజులిచ్చీ, మా ఆడోళ్లు తొడుగుతారు" అంది.

నేను లేచాను. ఏమనేదాన్నో నాకే తెలీదు, మంచిమాట మాత్రం కాదు. గాజులప్ప కుడిచేత్తో నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగింది. "కూకో. శుభం కాడ గొడవేటి?" అని, గాజులు కుడిచేత్తోనే అందించింది, ఎరుపూ పచ్చా వరస తప్పకుండా. ఎడమచెయ్యి పైటకొంగు లోపల పెట్టుకుంది. అంతసేపూ తియ్యలేదు. భోజనం కూడా బాగా చేసింది, కూరలో ఏమేం వేశారో నా చెవిలో చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు కూర్చుంది. నేను వాళ్లని తిడుతూనే ఉన్నాను.

"ఊరుకో టీచరమ్మా" అంది చివరికి. "ఆ డాక్టరమ్మ ముందే సెప్పింది. పేణం కావాలంటే సెయ్యి ఒదులుకోమన్నాది. నాను పేణమే అడిగేను, ఇచ్చేరు. మళ్లీ సేతి మీద ఆశ పడితే ఎలాగ?" "గాజులు కొంటన్నారు గాని సెయ్యి ఎవులూ ఇవ్వటం లేదు" అని అప్పుడు ఏడ్చింది. నేను ఆవిడ ఏడవడం చూడటం అదే మొదలు.

తర్వాత మలారం పట్టలేదు. రెండేళ్లు బాగానే ఉంది. చేపలు ఎండబెట్టుకునేది, మా ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చునేది. ఒక మధ్యాహ్నం నా చూపుడువేలు పట్టుకుని తన మెడకిందకి తీసుకెళ్లి, ఎముక పైన గుంటలో ఆనించింది. చింతగింజంత, గట్టిగా తగిలింది. తర్వాత మెడ బిళ్లలని డాక్టరు చెప్పిన చోటే అది. ఆవిడకీ గుర్తుంది. "ఒచ్చీసేడు" అంది, అంతే. ఆసుపత్రికి వెళ్లాం. ఊపిరితిత్తుల్లోకి చేరిందన్నారు. నొప్పికి మందులిచ్చి పంపారు.

చివరిసారి ఆవిణ్ణి చూసింది వాళ్లింట్లోనే, మిట్టమధ్యాహ్నం. మొగుడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి తలూపి పక్కకి జరిగాడు. మంచం కుడివైపు గోడకి ఆనించి ఉంది, కూర్చోవాలంటే ఎడమవైపే చోటు. ఆ చెయ్యి మడతపెట్టిన బొంత మీద ఎత్తుగా పెట్టారు. చర్మం నున్నగా సాగిపోయి, కణుపులు కనిపించడం మానేశాయి. ఆవిడ నిద్రపోతోందనుకుని ఆ చెయ్యి నా రెండు చేతుల్లోకీ తీసుకున్నాను. చాలా బరువుగా ఉంది. వెచ్చగా ఉంది.

ఆవిడ కళ్లు తెరిచింది. "ఎవులు, టీచరమ్మా?"

"నేనే అప్పా."

"ఆ సెయ్యెందుకు పట్టుకున్నావు? ఇటు పట్టుకో" అని కుడిచెయ్యి కదిపింది. నేను వదల్లేదు. ఆవిడ మెడ కొంచెం తిప్పి, నా చేతుల మధ్య ఉన్న తన చేతివంక అలా చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు పట్టుకున్నావని కంటికి తెలుస్తన్నాది" అంది. "సేతికి తెలవటం లేదే."

వదిలెయ్యనా అని అడిగాను.

"ఒద్దు" అంది. "అలాగే పట్టుకో. సూస్తాను."